చీటీ ఊడిన సీసా

సభకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో పాత శాస్త్ర గ్రంథాల గురించి మాట్లాడమని నన్ను మహబూబ్‌నగర్ పిలిపించారు. పుస్తకాల కంటే ముందు ఒక సీసా చూపిస్తాను. వెనక కూర్చున్న పిల్లలు కాస్త ముందుకు రండి.

ఇందులో ఉన్నది కట్లపాము. ఏళ్ల తరబడి, కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్‌లో ఉండటం వల్ల నల్లని ఒళ్లు మట్టిరంగుకు తిరిగింది. తెల్లని కట్లు మాత్రం సన్నని దారాల్లా ఇంకా కనిపిస్తున్నాయి. నేను పనిచేసిన ఒక బడిలో ప్రయోగశాలను కొత్త గదుల్లోకి మార్చేటప్పుడు, సీసాలు మురికిగా ఉన్నాయని సోడా నీళ్లలో నానబెట్టి కడిగించారు. నేను సెలవు ముగించుకుని వచ్చేసరికి ఇరవై మూడు సీసాలూ తళతళలాడుతున్నాయి. ఒక్కదానికీ చీటీ లేదు. పాము కాబట్టి ఇది ఏదో గుర్తుపట్టగలను. కానీ ఏ ఊళ్లో దొరికింది? వరి మడిలోనా, ఇంటి చూరులోనా? ఏ ఏడు, ఏ కాలం? ఎవరు తెచ్చి ఇచ్చారు? ఆ బడి అనుమతితో దీన్ని ఇక్కడికి తెచ్చాను, కానీ ఈ ప్రశ్నలకు జవాబు తేలేకపోయాను. ఆ నాటి బాధ నాకు ఇంకా తీరలేదు.

సేకరణ అంటే అరుదైన వస్తువును తెచ్చి అద్దాల బీరువాలో పెట్టడమని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది చీటీ రాయడంతో మొదలవుతుంది. చీటీ ఉంటే అది నమూనా. లేకపోతే బీరువాలో ఒక బొమ్మ.

ఈ పాము సంగతే చూడండి. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉండి, కోరమాండల్ తీరపు పాములను సేకరించి, 1796లో లండన్‌లో ఒక పెద్ద బొమ్మల పుస్తకం వేయించాడు. అందులో చాలా పాములకు మనవాళ్లు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఒకదాని పేరు బంగారు పాము. తరువాత 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ ఆ మాటనే తీసుకుని ‘బుంగారస్’ అనే ప్రజాతిని, అంటే దగ్గరి చుట్టాలైన పాము జాతుల గుంపును, ఏర్పరిచాడు. మన కట్లపాము కూడా అందులోనిదే. ఇవాళ ప్రపంచంలో ఏ మూల కట్లపాము గురించి పరిశోధన పత్రం రాసినా అందులో మన ‘బంగారు’ ఉంటుంది. రక్తపింజరికి రస్సెల్ రాసుకున్న పేరు ‘కాటుక రేకుల పొడ’. ఒంటి మీది నల్లంచు మచ్చలను కాటుక రేకులుగా చూసిన మనిషి ఎవరో మనకు తెలియదు. పాములు పట్టేవాడో, కూలీయో అయి ఉంటాడు. ఆయన మాట మాత్రం పుస్తకంలో నిలిచింది. నాకు ఆ పుస్తకంలో రంగుల బొమ్మల కంటే ఇదే ఎక్కువ విలువైనది.

మన ఉమ్మడి పాలమూరు జిల్లా సంగతీ అలాంటిదే. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే చేస్తూ అమ్రాబాద్ అడవుల్లో మన్ననూరు, ఫరహాబాద్‌లకు వచ్చాడు. ఆ అడవిలో తొంభై ఏళ్ల కిందట ఏ పిట్టలు ఉండేవో ఇవాళ చెప్పగలుగుతున్నామంటే, ప్రతి పిట్టకూ ఊరూ తేదీ రాసిపెట్టబట్టే.

ఇప్పుడు నా పుస్తకం. ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద కొన్నాను. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. ఉర్దూలో అచ్చయిన వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. పాఠ్యపుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పాటైంది. అందువల్ల ఆ కాలపు శాస్త్రం మన తాతలకు ఉర్దూలోనే అందింది. మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న ఉర్దూ నాకు ఆ రోజు అక్కరకు వచ్చింది.

పుస్తకం అంచుల నిండా పెన్సిల్‌తో తెలుగు రాతలు. ఉర్దూ పారిభాషిక పదం పక్కన మోదుగ, చండ్ర, మారేడు. మధ్యలో ఒకచోట నొక్కిపెట్టిన తంగేడు పూల రెమ్మ. పసుపు పోయి ఎండుగడ్డి రంగు మిగిలింది. ఎదుటి పేజీ మీద దాని నీడ గోధుమ రంగులో అచ్చుపడింది. కింద ఇంత చిన్న అక్షరాలతో: ‘తంగేడు. పాలమూరు స్టేషను వెనక. ఆబాన్ 1348 ఫసలీ.’ ఆబాన్ అనేది నిజాం కాలపు ఫసలీ పంచాంగంలో ఒక నెల. లెక్క వేస్తే అది 1939 సెప్టెంబరు. బతుకమ్మ ముందు తంగేడు విరగబూసే రోజులు. పేరు, చోటు, కాలం, మూడూ ఉన్నాయి. ఆ విద్యార్థి ఎవరో తెలియదు కానీ నేను బడిలో చూసిన ఏ చీటీ కంటే ఇది బాగుంది. అమ్మినాయన ఏమన్నాడో తెలుసా? ‘రాతలు పడ్డాయి సార్, యాభై ఇవ్వండి చాలు.’

ఇలాంటివి మీ ఇళ్లలోనూ ఉంటాయి. అటకల మీద వెతకండి. పాత బొమ్మ దొరికితే భూతద్దంతో చూడండి. వరుసలు తీరిన సన్నని చుక్కలు కనిపిస్తే ఫొటో నుంచి యంత్రం మీద అచ్చు వేసినది. రాగి రేకు మీద చెక్కి అచ్చు వేసినదైతే చుట్టూ రేకు నొక్కుకున్న గీత వేలికి తగులుతుంది. చిరిగిన పేజీకి దయచేసి సెల్లోటేపు అంటించకండి. కొన్నేళ్లకు అది పసుపు మరకగా మారి కాగితాన్ని తినేస్తుంది. పురుగు రాకుండా మన పెద్దలు తాళపత్రాల మధ్య వస కొమ్ము పెట్టేవారు, నేనూ అదే పెడతాను. బొమ్మలు కోసి విడివిడిగా అమ్ముకునేవారు వస్తే పుస్తకం చేతికి ఇవ్వకండి. ఈ ఒక్క విషయంలో నాకు కోపం ఆగదు.

అడవి దగ్గరి ఊళ్ల పిల్లలకు ఒక మాట. పులుల అభయారణ్యంలో రాలిన దుప్పి కొమ్మును ఏరుకొచ్చినా నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. పొలంలో రాతి గొడ్డలి, పాత కుండ బయటపడితే తవ్వకండి, కదిలించకండి. ఫొటో తీసి, చోటు రాసి, పురావస్తు శాఖకు చెప్పండి. కదిలిస్తే దాని చీటీని మీరే చింపినట్లు.

చివరగా ఈ కాయ. మొన్న కోయిలకొండ దారిలో, రోడ్డు పక్కన చెట్టు కింద రాలి ఉంటే తెచ్చాను. చీటీ మీద చోటు రాశాను, తేదీ రాశాను, నా పేరు రాశాను. శాస్త్రీయ నామం పుస్తకంలో చూసుకోగలను. ఊళ్లో పిలిచే పేరు రాసే గడి ఒకటి ఖాళీగా ఉంది. వెళ్లేటప్పుడు ఈ బల్ల దగ్గర ఆగండి. మీ ఊళ్లో దీన్ని ఏమంటారో, అది ఏ ఊరో రాసి వెళ్లండి. పెన్సిల్ పక్కనే పెట్టాను.