శవాలు కోసే చదువు కాదక్కా! ఫోరెన్సిక్ డిగ్రీలో ఏం నేర్పిస్తారంటే

నమస్తే అండి అందరికీ. తిరుపతి నుంచి మాట్లాడతా ఉన్నా.

మా వీధిలో ఒక అక్క మొన్న నన్ను ఆపి అడిగింది. కూతురు ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌లో చేరతానని పట్టు పట్టి కూర్చుంది. "నువ్వు చదివింది అదే కదా, శవాలు కోసే చదువు ఆడపిల్లకి ఏంటికి నాయనా?" అనింది. గేటు దగ్గర నిలబడి నేను చెప్పింది చాల్లేదు. అందుకే ఈ వీడియో.

ముందు ఆ భయం తీసేద్దాం. శవపరీక్ష చేసేది డాక్టర్లు. ఎంబీబీఎస్ చదివి, కావాలంటే ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎండీ చేస్తారు. అది వైద్యం. మనది ఫోరెన్సిక్ సైన్స్. మన టేబుల్ మీదికి శవం రాదు, సీలేసిన సీసాలొస్తాయి.

ఆ సీసాల్లో ఏముంటుందో చెప్తా. పురుగుమందు తాగి పోయినారని అనుమానం వస్తే డాక్టరు కడుపు, పేగు, కాలేయం, మూత్రపిండం ముక్కలు తీసి, ఇంక ఉప్పు కరగదన్నంత ఉప్పు కలిపిన నీళ్ళలో వేస్తారు. కుళ్ళకుండా ఉంటాయని. అవే ఉప్పునీళ్ళు ఇంకో సీసాలో ఉత్తగా పోసి, దాన్నీ పంపుతారు. "విషం మీ ఉప్పులోనే ఉందేమో" అని రేపు లాయరు లేస్తే జవాబుండాల కదా! ల్యాబులో ఆ ముక్కల నుంచి మందును ద్రావకాల్లోకి లాగి, సిలికా పూసిన పలక మీద చుక్క పెడతారు. పక్కనే మనకు తెలిసిన మందు చుక్క ఒకటి. పలకని ద్రావకంలో నిలబెడితే అది పైకి పాకతా చుక్కల్ని కూడా లాక్కుపోతుంది. రెండూ ఒకే ఎత్తుకి పాకినాయా, రంగు ఒకటేనా అని చూస్తారు. ఆమీద పెద్ద యంత్రాల్లో ఖాయం చేసుకుంటారు. అంతా కెమిస్ట్రీనే. కెమిస్ట్రీ అంటే పడని పిల్లలు ఈ కోర్సులో చాలా కష్టపడతారు, నా కళ్ళతో చూసినా.

ఇప్పుడు మన కొండల సంగతి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణం వైపు అడవుల్లోనే, అందులో మన శేషాచలం ముఖ్యం. లారీలో దుంగలు పట్టుకున్నారనుకోండి. దుంగ చూసి గుర్తుపట్టే ఫారెస్టోళ్ళు ఉన్నారు. కానీ దొరికింది పొడో, చెక్కుముక్కలో అయితే? "ఇది వేగిస చెక్క సార్, షుగరుకి నీళ్ళలో నానేసుకుని తాగేది" అంటే ఏం చేస్తారు? వేగిస కూడా ఎర్రచందనానికి దాయాదే, చెట్లు వేరైనా రెండిటిదీ ఒకే ప్రజాతి (జీనస్). అప్పుడు నీళ్ళు, ఆల్కహాలు తీసుకుంటాం. వేగిస చేవ నీళ్ళలో వేస్తే నీళ్ళు రంగు తిరిగి, వెలుతురులో నీలంగా మెరుస్తాయి. ఎర్రచందనంలో ఉండే శాంటలిన్ అనే రంగు నీళ్ళకి లొంగదు, ఆల్కహాల్లో వేస్తే చిక్కటి ఎరుపు దిగుతుంది. అది మొదటి మెట్టు మాత్రమే. ముక్క దొరికితే ఉడకబెట్టి మెత్తబరిచి, అడ్డంగా ఒకటి, నిలువునా రెండు వైపులా పల్చటి పొరలు కోసి మైక్రోస్కోపు కింద పెడతాం. చెక్కలో నీళ్ళు పోయే నాళాలెట్లా ఉన్నాయి, కిరణాలు అనే కణాల పట్టీలు ఎన్ని వరసలు అని లెక్కపెట్టుకోవాల. నేను ఆ పొర కోయడం నేర్చుకునేసరికి ఎన్ని బ్లేడ్లు పోయినాయో! ఇంటి పక్కనున్న అడవిని కాపాడే పని మన చేతిలో కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇంకొకటి, నేను చదివిన సిలబస్‌లో దీనికి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదు. ఫస్టియర్ ప్రాక్టికల్లో స్టీలు గ్లాసు మీద వేలిముద్ర తీసినా. పొడి చల్లి, టేపుతో ఎత్తి, కార్డు మీద అంటించినా. గీత గీతా తెలస్తా ఉంది. మా మేడమ్ కార్డు వెనక్కి తిప్పి చూసి సున్నా వేసింది. ఏ గ్లాసుదో, ఎప్పుడు తీసిందో, ఎవరు తీసిందో రాయలేదు నేను. "ముద్ర ఎవరిదో చెప్తావు సరే, ఎక్కడిదని చెప్తావు?" అనింది. ఆ రోజు ఏడుపొచ్చింది నాకు. కోర్టులో కూడా ఇంతే. సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది, సీలు చెదరకుండా వచ్చిందా అనే కాగితం సరిగా లేకపోతే, లోపల విషం దొరికినా కేసు బలహీనపడుతుంది. ఓపిగ్గా రాసుకునే అలవాటు ఉందా అని మీ పిల్లని అడగండి. ధైర్యం కంటే అది ముందు కావాల.

ఉద్యోగాల మాట. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలొచ్చినాయి. ఏడేళ్ళు, అంతకంటే జాస్తి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు ఆ చోటికి పోయి సాక్ష్యాలు సేకరించాలని అందులో ఉంది. దాన్ని అమలుకి తెచ్చేదానికి రాష్ట్రాలకి ఐదేళ్ళ దాకా గడువిచ్చినారు. అంటే మనుషులు కావాల. కానీ "డిగ్రీ పట్టా, వెంటనే గవర్నమెంటు ఉద్యోగం" అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. నోటిఫికేషన్ పడాల, పరీక్ష రాయాల. చాలా పోస్టులకి ఎమ్మెస్సీ అడుగుతారు. నా మాట వింటే, ఫోరెన్సిక్‌తో పాటు కెమిస్ట్రీ గట్టిగా ఉండే కోర్సే చూసుకోండి. ఇది కుదరకపోయినా మందుల కంపెనీ ల్యాబులో నిలబడొచ్చు.

ఫీజు కట్టే ముందు కాలేజీకి పోండి. బ్రోచర్ పక్కన పెట్టి ల్యాబు చూపించమనండి. రెండు బుల్లెట్లనో రెండు వెంట్రుకలనో పక్కపక్కన పెట్టి చూసే కంపారిజన్ మైక్రోస్కోపు ఉందా? ఉంటే దాని మీద దుమ్ముందా? సీనియర్ పిల్లల రికార్డు బుక్కులు అడిగి నాలుగు పేజీలు తిప్పండి. తాళం తీయడానికే వెనకాడితే ఆ కాలేజీ వద్దు.

అక్కా, సోమవారం పాపని తీసుకుని రా. ఇద్దరం కలిసి పోయి చూసొస్తాం.