లక్కీ మ్యాన్ చివరి నిమిషం: ఎమర్సన్, లేక్ అండ్ పామర్ తొలి రికార్డు

అందరికీ నమస్కారం. ఈ పూట మనం వినబోయే రికార్డు 1970 నవంబరు 20న బ్రిటన్‌లో ఐలాండ్ కంపెనీ తరఫున వచ్చింది. ‘ఎమర్సన్, లేక్ అండ్ పామర్’ అనే రాక్ బృందం తొలి రికార్డు ఇది, బృందం పేరే రికార్డు పేరు. ఆరు అంశాలు, మొత్తం 41 నిమిషాలు. కీబోర్డుల మీద కీత్ ఎమర్సన్, గాత్రం, బేస్, గిటార్లు గ్రెగ్ లేక్, డ్రమ్స్ కార్ల్ పామర్. ఎమర్సన్ ‘ద నైస్’ నుంచి, లేక్ ‘కింగ్ క్రిమ్సన్’ నుంచి, పామర్ ‘అటామిక్ రూస్టర్’ నుంచి వచ్చినవాళ్లు. అప్పటికే పేరున్న మనుషులు జట్టుకడితే సూపర్‌గ్రూప్ అంటారు కదా, ఆ మాట వీళ్లకి మొదటి కచేరీకి ముందే అంటుకుంది.

ఇలాంటి బృందాల తొలి రికార్డుకి ఒక చిక్కు ఉంటుంది. కలిసి కూర్చుని ఏళ్ల తరబడి వాయించుకున్న సరుకు వాళ్ల దగ్గర ఉండదు. ఎవరి సద్దిమూట వాళ్లు తెచ్చుకుని, ఒకే చెట్టు కింద విప్పుకుంటారు. ఈ రికార్డు కూడా అంతే. ‘త్రీ ఫేట్స్’ ఎమర్సన్ మూట, ‘ట్యాంక్’ నడుమ పామర్ డ్రమ్ సోలో, ‘లక్కీ మ్యాన్’ లేక్ పాట. ముగ్గురూ ఒకే పని మీద వంగినట్టు వినిపించేది మొదటి వైపున, ‘బార్బేరియన్’లో, ‘నైఫ్ ఎడ్జ్’లో. చిత్రం ఏమిటంటే ఆ రెండూ వీళ్లు కట్టినవి కావు.

‘బార్బేరియన్’కి మూలం హంగరీ స్వరకర్త బేలా బార్టోక్ 1911లో పియానోకి రాసిన ‘అల్లెగ్రో బార్బరో’. ‘నైఫ్ ఎడ్జ్’కి మూలం చెక్ స్వరకర్త లియోష్ యానాచెక్ 1926 నాటి ‘సిన్ఫోనియెట్టా’ మొదటి భాగం. మధ్యలో ఆర్గన్ సోలో బాఖ్ డి మైనర్ ఫ్రెంచ్ సూట్‌లోది. తొలి ముద్రణల మీద బార్టోక్ పేరూ లేదు, యానాచెక్ పేరూ లేదు. బాఖ్ సంగతి వేరు, ఆయన సంగీతం ఎవరైనా వాడుకోవచ్చు. కానీ అప్పటి బ్రిటిష్ చట్టంలో కాపీరైటు రచయిత పోయాక 50 ఏళ్లు ఉండేది. యానాచెక్ పోయింది 1928లో, బార్టోక్ 1945లో. అంటే 1970లో రెండింటికీ హక్కుదారులు ఉన్నారు. పేర్లు తర్వాతి ముద్రణల్లో చేరాయి. దీన్ని పొరపాటు అని సరిపెట్టలేం. బాణీ మార్చి వాయించాం కాబట్టి మాదే అనుకునే అలవాటు రాక్ వాళ్లలో అప్పట్లో బాగా ఉండేది.

అయితే మార్చిన పద్ధతి మాత్రం గట్టి పని. బార్టోక్ రచనకు ప్రాణం పియానో మీద సుత్తిదెబ్బల్లా పడే స్వరగుచ్ఛాలు. పియానోలో దెబ్బ పడగానే ధ్వని తగ్గుముఖం పడుతుంది, అందుకే తర్వాతి దెబ్బ విడిగా వినిపిస్తుంది. ఎమర్సన్ వాయించే హామండ్ ఆర్గన్ విద్యుత్ కీబోర్డు, అందులో అలా కాదు, మెట్టు నొక్కి ఉంచినంతసేపూ ధ్వని అదే బలంతో నిలిచి ఉంటుంది. ఎంత గట్టిగా కొట్టినా బలం పెరగదు. మరి దెబ్బ ఎక్కణ్నుంచి వస్తుంది? రెండు చోట్ల నుంచి. ఒకటి, హామండ్‌లో ప్రతి మెట్టు కిందా తొమ్మిది విద్యుత్ కాంటాక్టులు ఉంటాయి. అవి ఒకే క్షణంలో తగలవు, ఒకదాని వెనక ఒకటి తగులుతాయి. దాంతో ప్రతి స్వరం మొదట్లో ‘టిక్’ మని చిన్న చప్పుడు. తయారుచేసినవాళ్లు దాన్ని లోపం అనుకున్నారు, వాయించేవాళ్లు దాన్నే కోరుకున్నారు. రెండోది, ఆంప్లిఫయర్‌ని మోయలేనంత తోస్తే ధ్వని చిరిగి కరుకుదనం వస్తుంది. ‘బార్బేరియన్’ మొదట్లో లేక్ బేస్ కూడా ఆ చిరిగిన గొంతుతోనే మొదలవుతుంది. విని గిటార్ అనుకునేవాళ్లు చాలామంది. మధ్యలో ఎమర్సన్ హామండ్ వదిలి పియానోకి వెళ్తాడు. అసలు వాద్యం వినిపించి మళ్లీ ఆర్గన్‌కి వచ్చేసరికి తేడా చెవికి తెలుస్తుంది.

‘టేక్ ఎ పెబుల్’ పన్నెండున్నర నిమిషాలు. మొదట్లో వినిపించే జల్లు వాద్యమేమిటని అడుగుతుంటారు. పియానోనే. ఎమర్సన్ మూత తెరిచి లోపలి తంతుల్ని నేరుగా మీటాడు. ఉత్తినే మీటితే ఏమీ మోగదు, ఎందుకంటే బాగా పై స్వరాల తంతులు తప్పించి ప్రతి తంతి మీదా, దాని మోత ఆపే ఫెల్ట్ అద్దిన డ్యాంపర్ కూర్చుని ఉంటుంది. ఒక చేత్తో కావలసిన మెట్లను చప్పుడు కాకుండా మెల్లగా నొక్కి పట్టుకుంటే ఆ తంతుల మీది డ్యాంపర్లు మాత్రమే లేస్తాయి. అప్పుడు రెండో చేత్తో అడ్డంగా గీరితే ఆ స్వరాలే మోగుతాయి, మిగతావి మూగగా ఉంటాయి. పెడల్ తొక్కి చేస్తే తంతులన్నీ కలిసి మోగి గందరగోళమవుతుంది. ఆ పాట నడుమ లేక్ గిటారూ, తర్వాత జాజ్ పియానో వస్తాయి. అతుకు కనిపిస్తూనే ఉంటుంది, పన్నెండు నిమిషాలు అవసరమా అన్న అనుమానమూ మిగులుతుంది.

రెండో వైపు ‘త్రీ ఫేట్స్’లో మొదటి భాగం లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్ ఆర్గన్ మీద రికార్డు చేశారు. 7,866 గొట్టాలున్న వాద్యం అది. మిగతా రికార్డంతా లండన్‌లోనే అడ్విజన్ స్టూడియోలో, 1970 జులై, సెప్టెంబరు మధ్య. ఇంజనీరు ఎడ్డీ ఆఫర్డ్, నిర్మాత లేక్. ఆ పని నడుస్తుండగానే ఆగస్టు 23న ప్లిమత్‌లో మొదటి కచేరీ, 29న ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలో రెండోది.

ఇక లెక్క చూడండి. మొదటి వైపు 22 నిమిషాలు. రెండో వైపు ‘త్రీ ఫేట్స్’ 7:46, ‘ట్యాంక్’ 6:49. కలిపితే పద్నాలుగున్నర. సరుకు చాలలేదు. అప్పుడు లేక్ పన్నెండేళ్ల వయసులో కట్టిన ‘లక్కీ మ్యాన్’ బయటకు తీశాడు, తిశ్రనడకలో సాగే సాదా పాట. పామర్‌తో కలిసి మొదలుపెట్టి, బేసూ గిటార్లూ గాత్రాలూ ఒకదాని మీద ఒకటి తనే పేర్చుకుంటూ పోయాడు. చివర్లో ఖాళీ మిగిలింది. ఎమర్సన్ తన కొత్త మూగ్ సింథసైజర్ మీద, అంటే విద్యుత్ సర్క్యూట్లతోనే ధ్వని పుట్టించే కీబోర్డు మీద, ఏదో వాయించి చూశాడు. ప్రయత్నించి చూసిన ఆ ఒక్క టేకే రికార్డులో ఉంది.

మూగ్ ఏం చేస్తుందో ఇక్కడ దగ్గరగా చూద్దాం. ప్రతి మెట్టూ ఒక వోల్టేజి పంపుతుంది, ఒక స్థాయికి (ఆక్టేవ్‌కి) ఒక వోల్టు. అంటే పన్నెండో వంతు, దాదాపు 83 మిల్లీవోల్టులు మారితే ఒక అర్ధస్వరం. 10 మిల్లీవోల్టులు తప్పినా అర్ధస్వరంలో ఎనిమిదో వంతు శ్రుతి జారిపోతుంది, చెవికి పట్టేంత. ధ్వని పుట్టించే సర్క్యూట్లయిన ఆసిలేటర్లు ఆ మాత్రం జారడానికి వేదిక మీద దీపాల వేడి చాలు. రెండు ఆసిలేటర్లు సెకనుకి 440, 441 కంపనాల దగ్గర నిలిస్తే సెకనుకి ఒకసారి ధ్వని ఉబ్బి తగ్గుతుంది. కొద్దిగా ఉంటే నిండుదనం, ఎక్కువైతే అపశ్రుతి. పైగా ఒకేసారి ఒకే స్వరం పలుకుతుంది.

‘లక్కీ మ్యాన్’ సోలోలో ప్రాణం పోర్టమెంటోలో ఉంది. మన భాషలో జారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వోల్టేజి గభాల్న దూకకుండా కెపాసిటర్ ద్వారా మెల్లగా చేరుతుంది. నడక సమానంగా ఉండదు: మొదట వేగం, గమ్యం దగ్గరపడే కొద్దీ మందం. ఆ సర్క్యూట్‌కి ఒక కాలమానం ఉంటుంది. ఒక మానంలో దూరంలో 63 శాతం, మూడు మానాల్లో 95 శాతం నడుస్తుంది. ఒక స్థాయి ఎగిరితే మూడు మానాల తర్వాత కూడా ఇంకా అర్ధస్వరంలో సగానికి పైగా బాకీ. అందుకే ఆ కాలమానాన్ని పెంచే నాబ్ ఎక్కువ తిప్పి వేగంగా వాయిస్తే ఏ స్వరమూ చేరదు, అన్నీ దారిలోనే ఉండిపోతాయి. వీణ మీద జారు లాగేటప్పుడు ఎక్కడ ఆగాలో వేలు నిర్ణయిస్తుంది. ఇక్కడ ఆ సంగతి మెట్టు నొక్కకముందే నాబ్ నిర్ణయించేసింది. కాబట్టి వాయించేవాడు స్వరాలు తగ్గించుకుని, ప్రతిదాని మీదా నిలబడాలి. ఎమర్సన్ లాంటి వేగం మనిషి ఇక్కడ నిదానించాడు. ఈ సోలో అంత పెద్దగా వినిపించడానికి కారణం అదేనని నా అభిప్రాయం. ఆయనకి మాత్రం ఇది తన గొప్ప పనిగా ఎప్పుడూ అనిపించలేదు.

వినేవాళ్లకి రెండు మాటలు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డులో బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకి 51 సెంటీమీటర్లు కదులుతుంది, లోపలి అంచున 21 మాత్రమే. అంత తక్కువ దూరంలో అదే ధ్వని ఇమడాలి, కాబట్టి పై స్థాయిలు బరకవుతాయి. మూగ్ పైకి ఎగిరే చోటు సరిగ్గా రెండో వైపు లోపలి గాళ్లలోనే పడింది. ఆ వైపు 19 నిమిషాలే కావడం కొంత కాపాడింది. పాత కాపీ కొంటే ముందు ఆ చివరి నిమిషమే పెట్టి వినండి. అక్కడ బరబరలాడితే ముల్లో, గాడో అరిగిందని అర్థం. 2012లో సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ చేసిన కొత్త మిక్స్ శుభ్రంగా ఉంటుంది కానీ, మూల టేపులు దొరకక ‘ట్యాంక్’ దాంట్లో లేదు, ‘త్రీ ఫేట్స్’లో మొదటి రెండు భాగాలూ లేవు. అవి పాత మిక్స్‌లోనే వినాలి.

ఇప్పుడు రెండో వైపు చివరి పాట పెడుతున్నాను. పాట మాటలు అయ్యాక మూగ్ మొదట కిందిస్థాయిలో గొంతు సవరించుకుంటుంది. పైకి లేచే మొదటి జారు దగ్గర, అది స్వరాన్ని చేరే ముందు ఎంతసేపు తటపటాయిస్తుందో గమనించండి.