ఇల్లు కొనేటప్పుడు ఎక్కడ సర్దుకోవచ్చు, ఎక్కడ కూడదు
(తిరుపతిలో సొంతిల్లు కొనాలనుకునే ఉద్యోగుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఇప్పటికే నాలుగైదు ఇళ్లు చూసొచ్చి ఉంటారు. ఒకటి బాగుంది గానీ దూరం. ఇంకొకటి దగ్గరే గానీ కారు పోని సందు. మూడోదాంట్లో అన్నీ బాగున్నాయి, కాయితాలే ‘కొంచెం’ తేడా. అప్పుడు బ్రోకరు అంటాడు: “అన్నా, నూటికి నూరు కుదిరే ఇల్లు యాడా దొరకదు, యాడో ఒకచోట సర్దుకోవాల.” మాట నిజమే. చిక్కల్లా దూరానికీ, సందుకూ, కాయితాలకూ కలిపి ఆయన అదే మాట చెప్పడంలో ఉంది.

మేం చెప్పే పద్ధతి చిన్నది. లోపం కనబడగానే దాని పక్కన రూపాయల్లో అంకె వెయ్యండి. బాత్రూం కారుతోంది, వైరింగు పాతది, కిటికీలు చెదలు పట్టాయి అంటే మేస్త్రీని, ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్లి ఒక పూటలో అంచనా రాయించుకోవచ్చు. పాత గోడ కొడితే గానీ లోపలి సంగతి తెలియదు కాబట్టి ఆ అంచనా మీద ఇంకో పాతిక శాతం వేసుకోండి. అంత ధర తగ్గించమని అడగండి. తగ్గిస్తే సర్దుకోవచ్చు. ఎంత పెడితే తీరుతుందో, అసలు తీరుతుందో లేదో ఏ మేస్త్రీ, ఏ లాయరూ చెప్పలేని లోపమైతే మాత్రం పది లక్షలు తగ్గించినా ఆ ఇల్లు చౌక కాదు.

అలాంటి లోపాల్లో మొదటిది హక్కు. దీనిమీద ఎక్కువసేపు మాట్లాడతాం, ఎందుకంటే తిరుపతి చుట్టూ భూమి లెక్కలు చిక్కు లెక్కలు. దేవస్థానం భూములు, హథీరాంజీ మఠం భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకిచ్చిన భూములు), చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒకే వీధిలో ఎడమవైపు పట్టా భూమి, కుడివైపు మఠం భూమి ఉండొచ్చు. రెండువైపులా అవే మిద్దెలు, అవే కరెంటు మీటర్లు. కుడివైపు ధర తక్కువ కాబట్టి మనసు అటే లాగుతుంది.

అమ్మేవాళ్లు ముందుగా చూపించేది ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, కుళాయి కనెక్షను. ఈ మూడూ అక్కడ ఎవరు కాపురం ఉంటున్నారో చెబుతాయి, భూమి ఎవరిదో చెప్పవు. అందుకే సర్వే నంబరు అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడే లేచొచ్చేయొచ్చు. నంబరు చేతికొచ్చాక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో నిషేధిత ఆస్తుల జాబితా చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద ఉండే జాబితా అది. ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, భూపరిమితి (సీలింగు) చట్టంలో మిగులుగా తేలినవి అందులో ఉంటాయి. జాబితాలో లేదని ఊరట పడొద్దు. తహశీల్దారు ఆఫీసులో ఆర్ఎస్ఆర్ (పాత సర్వే నాటి భూమి రిజిస్టరు) నకలు తీయించి, అసలు మొదట ఆ భూమిని ఏమని రాశారో చూడండి. అక్కడ వంక అనో, చెరువు అనో ఉంటే మీద ఎన్ని అంతస్తులు లేచినా అది వంకే, చెరువే. పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలు పెట్టి ఉంటే అవి చుక్కల భూములు, వాటి తంటా వేరే ఉంది.

డీకేటీ పట్టా సంగతి చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తెలియనివాళ్లుండరు. భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చింది, అమ్ముకోడానికి లేదని 1977 చట్టం చెబుతుంది. 20 ఏళ్లు దాటిన వాటిమీద పూర్తి హక్కు ఇస్తూ 2023లో ఆ చట్టాన్ని సవరించారు. 2024లో ప్రభుత్వం మారాక, అలా పూర్తి హక్కు వచ్చిన (ఫ్రీహోల్డ్) భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. చూడండి, రెండేళ్లలో నియమం ఎటునుంచి ఎటు తిరిగిందో! “సార్, ఇప్పుడు డీకేటీ ఓపెన్ అయిపోయింది” అని ఎవరన్నా చెబితే, మళ్లీ మూసుకునే రోజు రాదని రాసిస్తాడేమో అడగండి.

ఇక ఈసీ, అంటే ఆ ఆస్తిమీద రిజిస్టరయిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. 1983 నుంచి కంప్యూటరులో దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాల్లో వెతికించాలి. తక్కువలో తక్కువ 30 ఏళ్లకు తియ్యండి. చాలామంది చేసే పొరపాటు ఒక్క నంబరుతోనే వెతకడం. సర్వే నంబరుతో ఒకటి, ప్లాటు నంబరుతో ఒకటి, డోరు నంబరుతో ఇంకొకటి తియ్యాలి. సబ్ డివిజన్ అయి ఉంటే పాత నంబరు మీద కూడా. రీసర్వే అయిన గ్రామాల్లో సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం నంబర్లొచ్చాయి, పాత లావాదేవీలన్నీ పాత సర్వే నంబరు కిందే ఉండిపోతాయి. కొత్త నంబరుతో తీసిన ఈసీ ఖాళీగా, ముచ్చటగా కనిపిస్తుంది. మోసపోవద్దు.

ఈసీలో పడనివి కూడా ఉన్నాయి. రిజిస్టరు కాని వీలునామా, ఇంట్లో నోటిమాటగా చేసుకున్న పంపకం, నడుస్తున్న కోర్టు దావా, ఒరిజినల్ డాక్యుమెంటు వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టి తెచ్చిన అప్పు. ఈ చివరిది గట్టిగా గుర్తుపెట్టుకోండి. “ఒరిజినల్ పోయిందండీ, సర్టిఫైడ్ కాపీ ఉంది” అంటే, పోయిందని పోలీసు ఫిర్యాదు, పేపరు ప్రకటన ఉన్నాయా అడగండి. వాటికి కూడా ఏళ్ల వయసుండాలి. బేరం కుదిరాక పుట్టిన ఫిర్యాదైతే దాన్ని నమ్మడం కష్టం. జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించమని వేరొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీద కొనడమూ ఇంతే. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా మూడూ కలిపి చేతిలో పెట్టినా హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

తండ్రి పోయాక కొడుకులు అమ్ముతున్న ఇల్లయితే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, అందులో ఉన్న ప్రతి పేరూ డాక్యుమెంటులో సంతకం చేస్తోందా చూడండి. అత్తారింట్లో ఉన్న ఆడబిడ్డల పేర్లే ఎక్కువగా జారిపోతాయి. “మా అక్క ఏమీ అనదు” అంటారు. అననిదయితే వచ్చి సంతకం పెట్టడానికి ఇబ్బందేముంది?

గ్రూప్ హౌసుల్లో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంటుంది. ప్లాన్‌లో లేని పై అంతస్తు. కింది ఫ్లాటు కంటే అయిదారు లక్షలు తక్కువకే వస్తుంది. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) గానీ కార్పొరేషన్ గానీ ఇచ్చిన ప్లాన్ కాపీ తెచ్చుకుని అంతస్తులు మీరే లెక్కపెట్టండి. కట్టడం పూర్తయ్యాక, కాపురం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, 8 ఫ్లాట్లు మించో కట్టే కొత్త ప్రాజెక్టయితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా అమ్మకూడదు. అలాగే మీ వాటాకు ఎంత స్థలం రాసిస్తున్నారో చదవండి. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరులో 72. అటునుంచి వచ్చినవాళ్లు ఇక్కడి అంకణం రేటు విని చౌక అనుకుంటారు. రేటు ఏదైనా గజంలోకి మార్చుకునే పోల్చండి: మన అంకణం 4 గజాలు, సెంటు 48.4 గజాలు.

బ్యాంకు లోను ఇచ్చిందంటే కాయితాలు పక్కా అని చెప్పలేం. బ్యాంకు లాయరు మీరిచ్చిన కాయితాలే చూస్తాడు. బ్యాంకు కాదన్నదంటే మాత్రం ఏదో ఉంది. అప్పుడు ఎక్కువ వడ్డీకి ఇచ్చే ఫైనాన్స్ కంపెనీ ఒకటి ఎదురొస్తుంది. ఇల్లు మార్చాల్సిందే గానీ అప్పిచ్చేవాణ్ని మార్చకండి.

రెండో విషయం నీళ్లు. పైనుంచి వచ్చేవీ, కిందనుంచి వచ్చేవీ. 2021 నవంబరు వానలు తిరుపతి మరిచిపోలేదు. ఆ వానల తర్వాతే శ్రీకృష్ణనగర్‌లో వరలతో కట్టిన సంపు, ఒకామె లోపల దిగి శుభ్రం చేస్తుండగా, నేలలోంచి పైకి లేచింది. అందరూ వింతగా చూశారు. భూమిలో నీటిమట్టం పైపైకి వచ్చి, చుట్టూ మన్ను నీళ్లతో జారుగా ఉన్నప్పుడు సంపు ఖాళీ చేస్తే పైకి తోసే బలానికి ఎదురుగా బరువు మిగలదు, అంతే. కొనే ఇంటి అడుగున ఏముందో ఈ ఒక్క సంఘటన చెబుతుంది. కాబట్టి అమ్మేవాళ్లను అడక్కండి, వీధి మొగన చిల్లర కొట్టాయన్ను అడగండి: “ఆ వానకు నీళ్లు ఎంతదాకా వచ్చాయన్నా?” గోడమీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. కాంపౌండు గోడ లోపలివైపు కొత్త సున్నం మోకాలెత్తు వరకే ఉందంటే ఆ సున్నం కింద చెమ్మ గీత ఉండొచ్చు. ఇంటి నేల రోడ్డుకంటే కిందికుంటే, ఇప్పుడున్న రోడ్డుమీద ఇంకో పొర వేస్తే ఎంత కిందికి పోతుందో కూడా లెక్కేసుకోండి. ఇల్లు పైకి ఎత్తే పనులు ఉన్నాయి, ఖర్చూ ఉంది, అంకె వెయ్యొచ్చు. వంక దారిలో కట్టిన కాలనీ మొత్తాన్ని మాత్రం మీరొక్కరు ఎత్తలేరు.

బోరు సంగతి ఏప్రిల్, మే నెలల్లో చూడాలి. చలికాలంలో అన్ని బోర్లూ పోస్తాయి. ఎండాకాలం దాకా ఆగలేకపోతే పక్కిళ్లలో ట్యాంకరు ఎన్నాళ్లకొకసారి వస్తుందో కనుక్కోండి. నీళ్లు ల్యాబులో పరీక్ష చేయిస్తే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకపోతే నిశ్చింత. టీడీఎస్ 2,000, ఫ్లోరైడు 1.5 దాటితే తాగడానికి పనికిరావు.

కట్టుబడిలో భయపెట్టేవీ, భయపెట్టనివీ వేరు చేసుకోవాలి. ప్లాస్టరింగు మీద వెంట్రుకంత సన్నని చీలికలు లెక్కలోవి కావు. కిటికీ మూలనుంచి ఏటవాలుగా, గోడకు రెండువైపులా కనిపిస్తూ, 3 మిల్లీమీటర్లు దాటిన పగులుంటే పునాది కుంగుతోందేమో అనుమానించాలి, ముఖ్యంగా మన్ను తోలించి ఎత్తు చేసిన స్థలంలో. కప్పు పెచ్చులూడి కమ్మీ కనబడితే, అది తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును తోసేస్తోందన్న మాట. పైన సిమెంటు పూసి సున్నం వేస్తే ఆర్నెల్లు ఆగుతుంది. బాత్రూం కింద, ఓవర్‌హెడ్ ట్యాంకు కింద స్లాబును కర్రతో తట్టి చూడండి, గుల్లగా మోగితే లోపల విడిపోయినట్టు. అలాంటప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీరును తీసుకెళ్లడానికి అయ్యే ఫీజు వెనకాడాల్సినంత ఉండదు. మిద్దె మీద నీళ్లు కట్టి 24 గంటలు ఉంచడానికి ఒప్పుకోని యజమాని, కారుతుందని తనే చెబుతున్నాడు.

వాస్తుమీద మాకు వాదం లేదు. నమ్మకం ఉన్నా లేకున్నా, మీ తర్వాత కొనేవాళ్లు అడుగుతారు. దక్షిణ ముఖం, వీధిపోటు ఉన్న ఇల్లు ఇప్పుడు మీకు ఎంత తగ్గిందో, అమ్మేనాడు మీరూ అంతే తగ్గించాలి.

దూరం, గదుల సైజు, అంతస్తు. నిజంగా సర్దుకోదగ్గవి ఇవే. 1,200 అడుగులని చెప్పే ఫ్లాటులో గోడల మధ్య నేల సాధారణంగా 850, 900 దగ్గరుంటుంది. టేపు పట్టుకెళ్లండి, మంచం, బీరువా పడతాయో లేదో అక్కడే కొలవండి. దూరానికి లెక్క ఇలా: బ్యాంకు వడ్డీ 8.5 శాతం, 20 ఏళ్లయితే లక్షకు నెలకు సుమారు 868 రూపాయలు. ఊళ్లోని ఇల్లు కరకంబాడి రోడ్డులో ఇంటికంటే 5 లక్షలు ఎక్కువైతే నెలకు 4,340 ఎక్కువ కడతారు, 20 ఏళ్లకు సుమారు 10 లక్షల 40 వేలు. ఆ 4,340ని పెట్రోలుతో, పిల్లల స్కూలు బస్సుతో, రైల్వే గేటు దగ్గర ఆగే సమయంతో సరిచూడండి. కొందరికి ఊళ్లో ఇల్లే చౌక అని తేలుతుంది. అయితే ఈ సర్దుబాటు రోజూ మోసేదెవరో వాళ్లతో చెప్పించండి. లిఫ్టు లేని మూడో అంతస్తుకు “ఏముంది, ఎక్కొచ్చు” అనేది పాతికేళ్ల అబ్బాయి. మోకాళ్ల నొప్పుల అమ్మను ఒకసారి మెట్లెక్కించి అప్పుడు అడగండి.

చేతిలో డబ్బు లెక్క ఒకటి మిగిలింది. 60 లక్షల ఇంటికి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 4.5 లక్షలు. లోను 80 శాతం మించి రాదు, ఆ 4.5 లక్షలకు లోను లేదు. అంటే 16.5 లక్షలు మీ చేతిలో ఉండాలి, మరమ్మతులు అదనం. 50 లక్షలు, ఆపైన ధరయితే అమ్మేవారికిచ్చే డబ్బులోంచి 1 శాతం ఆదాయపు పన్ను (ఇదీ టీడీఎస్సే) పట్టుకుని కట్టాల్సింది కొనేవారే. అమ్మేవాళ్లు డాక్యుమెంటులో ధర 40 లక్షలే చూపిద్దాం అంటే బ్యాంకు ఆ 40 మీదే లోను లెక్క కడుతుంది, మిగతా నగదుకు రుజువు ఉండదు.

అడ్వాన్సు ఇచ్చేముందు అగ్రిమెంటులో ఒక వాక్యం తప్పక రాయించండి: లాయరు అభిప్రాయం వ్యతిరేకంగా వచ్చినా, బ్యాంకు హక్కు విషయంలో అభ్యంతరం చెప్పినా ఇన్ని రోజుల్లో అడ్వాన్సు మొత్తం తిరిగివ్వాలి. ఒప్పుకోకపోతే టోకెన్‌గా పది వేలు కూడా పెట్టొద్దు. రిజిస్ట్రేషన్ రోజున చివరి చెక్కు ఇచ్చేముందు ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల నుంచి చేతులు మారిన కాయితాలు) అన్నీ పేజీలు లెక్కపెట్టి తీసుకోండి. కరెంటు, ఇంటి పన్ను, నీటి పన్ను బాకీ లేదన్న రసీదులు, అపార్టుమెంటైతే అసోసియేషన్ నో డ్యూస్ లెటరు, తాళాలు కూడా అప్పుడే.

ఇప్పుడు మీ దగ్గరున్న కాయితాలు ఎవరైనా తెచ్చి ఉంటే ముందుకు రండి, సర్వే నంబర్ల నుంచి మొదలుపెడదాం.