పట్టుపోగు నాణ్యత గుడ్డులోనే మొదలవుతుంది

(దృశ్యం: అరచేతిలో రెండు పట్టుగూళ్ళు)

ఈ రెండు గూళ్ళూ చూడండి. ఆకుపచ్చ కలిసిన పసుపు రంగుది మన పాత మైసూరు జాతిది. దీన్నుంచి దారం సుమారు 400 మీటర్లు వస్తుంది. తెల్లగా, గట్టిగా ఉన్నది బైవోల్టిన్ హైబ్రిడ్‌ది, అంటే ఏడాదికి రెండు తరాలు వచ్చే రెండు జాతులను కలిపి తీసినది. దారం వెయ్యి మీటర్ల దాకా వస్తుంది. రెండూ తిన్నది మల్బరీ ఆకే.

(దృశ్యం: వేడినీళ్ళలో గూడు, పైకి లేస్తున్న పోగు)

ఈ పోగు గూటి బయటివైపు కాస్త లావు, లోపలికి పోయేకొద్దీ సన్నం. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. ఒక్క పోగు రెండు మూడు డెనియర్లే. ఏడెనిమిది పోగులు కలిస్తేనే 20 నుంచి 22 డెనియర్ల దారం. ధర్మవరం మగ్గం మీద పడుగుకు కావలసింది సన్నదనం ఒక్కటే కాదు, మొదటినుంచి చివరిదాకా ఒకే లావు. అందుకే జాతిని తయారుచేసేవాళ్ళు గూటి బరువు ఒక్కటే చూస్తే సరిపోదు. బరువు పెంచుతూ పోతే పోగు కూడా లావెక్కుతుంది.

(దృశ్యం: కోడిగుడ్డులాంటి గూడు, నడుము నొక్కినట్టున్న గూడు)

జపాన్‌లో తోయామా కమెతారో అనే శాస్త్రవేత్త 1906లోనే చెప్పాడు: రెండు వేర్వేరు జాతులను కలిపితే మొదటి తరం పురుగులు తల్లిదండ్రుల కన్నా బలంగా ఉంటాయని. మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ జపాన్ సహకారంతో రూపొందించిన సీఎస్ఆర్2, సీఎస్ఆర్4 అనే పట్టుపురుగు జాతుల జతకు ఆధారం కూడా ఇదే. మొదటిదాని గూడు కోలగా ఉంటుంది, రెండోదానికి నడుము ఉంటుంది.

ఇక్కడే మన రైతులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. హైబ్రిడ్ పంట బాగా వచ్చిందని ఆ గూళ్ళనే విత్తనానికి ఉంచుకోకండి. రెండో తరంలో లక్షణాలు చెదిరిపోతాయి. ఒక గూడు కోలగా, ఒకటి నడుముతో, ఒకటి పలచగా. అలాంటి గూళ్ళు కలిపి రీలింగ్‌కు (దారం తీయడానికి) వేస్తే దారం అడుగడుగునా తెగుతుంది.

(దృశ్యం: కాగితం మీద గుడ్లు పెడుతున్న పట్టు చిలుక, అంటే గూటి నుంచి బయటికొచ్చిన రెక్కల పురుగు)

విత్తన కేంద్రంలో ప్యూపా (చిలుక కాకముందటి) దశలోనే ఆడ, మగ వేరుచేసి, ఒక జాతి ఆడదాన్ని మరో జాతి మగదానితో జతకలుపుతారు. ఆడ చిలుక నాలుగైదు వందల గుడ్లు పెడుతుంది. తర్వాత ఆ తల్లిని నూరి సూక్ష్మదర్శినిలో చూస్తారు. పెబ్రిన్ అనే పట్టుపురుగుల రోగం తల్లి నుంచే గుడ్డుకు వస్తుంది కాబట్టి ఇందులో రాజీ ఉండకూడదు. 1860లలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాశ్చర్ చూపిన దారి ఇది.

(దృశ్యం: పురుగుల షెడ్డు, గోడకు థర్మామీటర్)

అయితే బైవోల్టిన్‌కు ఎండ పడదు. నాలుగో జ్వరం (కుబుసం విడిచే నిద్ర) నుంచి లేచాక షెడ్డులో 24, 25 డిగ్రీలు ఉండాలి. హిందూపురం వైపు వేసవిలో అది కష్టం. చల్లబరిచే ఏర్పాటు లేనివాళ్ళు ఆ నెలల్లో మైసూరు జాతి, సీఎస్ఆర్2 కలిసిన పసుపు గూళ్ళ పంట వేసుకోవడమే నయం. దారం కొంత తగ్గినా పురుగు తట్టుకుంటుంది.