ఎన్ని వాట్లో చెప్పని గేమింగ్ ల్యాప్‌టాప్ కొనకండి!

గేమ్ బొమ్మల్ని గీసే గ్రాఫిక్స్ చిప్ ఆర్‌టీఎక్స్ 4060 అని స్టిక్కర్ చూసి డబ్బులు కట్టేశావా తమ్ముడూ? అయితే నువ్వు కొన్నదేంటో నీకింకా తెలీదు. మళ్లీ చెప్తున్నా, తెలీదు!

మాది అనంతపురం వైపు. ఊళ్లో బోరు మోటారు కొనడానికెళ్తే ఏ రైతైనా మొదట అడిగేది ఎన్ని హెచ్‌పీ అని. కంపెనీ పేరు ఆ తర్వాతే. బడి మొహం చూడని మా తాత కూడా అదే అడిగేవాడు. ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో బీటెక్‌లు చేసి, ఈఎంఐలు పెట్టి మరీ ల్యాప్‌టాప్ కొంటున్నాం, ఎన్ని వాట్లు అని ఒక్కడూ అడగట్లేదు.

ల్యాప్‌టాప్ 4060కి ఆ చిప్ కంపెనీ ఎన్విడియా చెప్పిన లెక్క ఏంటో తెలుసా? 35 నుంచి 115 వాట్లు. మూడు రెట్ల పైనే తేడా! చిప్ అదే, లోపల లెక్కలు చేసే 3072 కోర్లూ అవే, స్టిక్కరూ అదే. ఎంత కరెంటు వదలాలో మాత్రం ల్యాప్‌టాప్ కంపెనీ ఇష్టం. ఫ్యాన్ అదే, రెగ్యులేటర్ ఒకటి మీద ఉందా ఐదు మీద ఉందా అన్నదే తేడా.

మా పీజీలో ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు. ఇద్దరివీ 4060లే. పక్కపక్కన పెట్టి సైబర్‌పంక్ అనే బరువైన గేమ్ ఆడించాం, సెట్టింగులన్నీ ఒకటే. ఒకడిది సాఫీగా పోతోంది, రెండోది జనం ఎక్కువున్న వీధిలోకి రాగానే ముక్కలు ముక్కలుగా ఆగుతోంది. ఎక్కువ డబ్బు పెట్టింది ఎవరనుకున్నారు? ఆ రెండోవాడే! సన్నగా ఉంది కదా, అందుకని. కొనేటప్పుడు షాపులో వాలరెంట్ ఆడి చూపించారంట. అయ్యా, వాలరెంట్ విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో కూడా ఆడుద్ది! అది చూపించి 4060 అమ్మడమేంటి? ఆ పిల్లోడి మొహం చూసి నాకు కడుపు మండిపోయింది.

ఇక 4060 తర్వాతి తరం, 50 సిరీస్ గొడవ. 2025 జనవరిలో సీఈఎస్ అనే టెక్ ప్రదర్శన వేదిక మీద ఎన్విడియా సీఈఓ జెన్సెన్ హువాంగ్, 549 డాలర్ల 5070లో 4090 పెర్ఫార్మెన్స్ అన్నాడు, అంటే పాత తరంలో అన్నిటికంటే పై కార్డుతో సమానమని. ఆ లెక్కలో కార్డు నిజంగా గీసే ఒక్కో ఫ్రేముకి, అంటే తెర మీది బొమ్మకి, ఏఐ పుట్టించేవి మూడు దాకా ఉంటాయి. కంటికి నున్నగానే కనిపిస్తుంది, మౌస్ తిప్పితే ఆ వేగం చేతికి అందదు. పైగా ఆయన చెప్పింది డెస్క్‌టాప్ 5070 గురించి. దానికి 6144 కోర్లు, 12 జీబీ మెమరీ. ల్యాప్‌టాప్ 5070కి? 4608 కోర్లు, 8 జీబీ! పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే.

ఇదంతా సన్నదనం పిచ్చి వల్లే, నా గట్టి నమ్మకం ఇది. సన్నటి డబ్బాలోంచి వేడి బయటికి పోదు, పోదు కాబట్టి వాట్లు కోస్తారు. 2017 నుంచి కనీసం పేరు చివర మ్యాక్స్-క్యూ అని తోక ఉండేది, ఇది నెమ్మదిదని తెలిసేది. 2021లో 30 సిరీస్‌తో ఆ తోకా తీసేశారు. ఎందుకు తీశారు? నన్నడిగితే, వాట్లు అట్ట పెట్టె మీద పెద్దక్షరాలతో రాస్తే ఆ ఖరీదైన సన్న ల్యాప్‌టాప్ పక్కన లావుపాటి చవకది గెలుస్తుంది కాబట్టి!

ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డుకి వెళ్తున్నావా? డెమో పీసులో ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిపించు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కు. మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఉంటుంది, ఆ అంకె చూడు. అది చూపించనన్న షాపులో నిలబడకు, పక్క షాపుకి నడువు. గ్రాఫిక్స్ చిప్‌ని నేరుగా తెరకి కలిపే మక్స్ స్విచ్ ఉందా, ర్యామ్ ఒక్క స్టిక్కేనా (రెండైతే మేలు) అని కూడా అడుగు.

ఇప్పటికే కొన్నవాళ్లు వీడియో ఆపి, ఇప్పుడే చూసి, మోడల్ పేరూ ఆ అంకే కామెంట్‌లో పెట్టండి. అన్నీ ఒక్కచోట చేర్చి వచ్చే వీడియోలో పేరుపేరునా చదువుతా.