జుట్టు గమ్మీలు తింటే బట్టతల ఆగుతుందా? ఉచితంగా వచ్చిన డబ్బాపై నా రివ్యూ

నమస్కారం. ముందే చెప్పేస్తాను, ఈ గమ్మీల డబ్బాను కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, కానీ వీడియో కింద డిస్కౌంట్ కోడ్ పెట్టమన్నారు. దాని సంగతి చివర్లో చూద్దాం. ఇందులో ఏ విటమిన్లు ఉన్నాయో, రోజుకు ఎన్ని తినాలో మీరు ఇప్పటికే ఎక్కడో చూసే ఉంటారు, ఆ జాబితా మళ్లీ చదవను. రుచి బాగుంది. మూత గట్టిగా ఉంది. గమ్మీలు ఒకదానికొకటి అంటుకుపోయి వేలు పెట్టి పీకితే తప్ప రావు. అంతే.

నాకు చిర్రెత్తించింది డబ్బాతో వచ్చిన ఈ చిన్న పుస్తకం. మగవాళ్ల బట్టతలకు అసలు కారణం తిండీ అలవాట్లేనట, వాటిని దిద్దుకుంటే నెత్తి నిండా జుట్టేనట. ఎంత ధీమా!

మగవాళ్లకు నుదుటి పక్కల, నడినెత్తిన వచ్చే బట్టతల ప్రధానంగా వంశపారంపర్యం. టెస్టోస్టెరాన్ నుంచి శరీరం డీహెచ్‌టీ అనే హార్మోన్‌ను తయారుచేసుకుంటుంది. జన్యువుల వల్ల కొందరి కుదుళ్లు దానికి లొంగిపోయి ఏటికేడు చిన్నవవుతాయి. జేమ్స్ హామిల్టన్ అనే శాస్త్రవేత్త 1942లోనే గమనించిన విషయం ఇది. యుక్తవయసుకు ముందే వృషణాలు తొలగించిన మగవాళ్లకు బట్టతల రాలేదు. వాళ్లకు టెస్టోస్టెరాన్ ఇస్తే, కుటుంబంలో బట్టతల ఉన్నవారికి జుట్టు ఊడటం మొదలైంది. ఇందులో తిండి ప్రసక్తి ఎక్కడుంది చెప్పండి?

ఇప్పుడు ఈ తెల్ల కాగితం చూడండి, కెమెరాకు దగ్గరగా పెడతాను. ఎడమవైపు వెంట్రుక నా తల వెనక నుంచి వచ్చింది. మొదలు నుంచి చివర దాకా ఒకే మందం, నల్లగా ఉంది. కుడివైపుది నడినెత్తిది. పొట్టిగా ఉంది, సాలెపోగులా సన్నగా ఉంది, రంగు కూడా వెలిసినట్టుంది. ఒకే తల, ఒకే తిండి, ఒకే నిద్ర. తిండే కారణమైతే తల వెనక జుట్టు మాత్రం ఎందుకు దిట్టంగా ఉంటుంది? బట్టతలలో అసలు జరిగేది ఈ సన్నబడటమే. దువ్వెనకు ఎన్ని వెంట్రుకలు వచ్చాయని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఇది కనిపించదు. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం ఎవరికైనా మామూలే.

అలాగని తిండికి జుట్టుతో సంబంధమే లేదని నేను అనడం లేదు. ఒక్కసారిగా కడుపు మాడ్చుకుని బరువు తగ్గినా, మాంసకృత్తులు, ఇనుము బాగా తగ్గినా, పెద్ద జ్వరం వచ్చి తగ్గినా రెండు మూడు నెలల తర్వాత తలంతా కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. నేను బరువు తగ్గాలని పంతం పట్టిన ఏడాది స్నానాల గది జాలీ మూసుకుపోయేది. సరిగ్గా తినడం మొదలుపెట్టాక కొన్ని నెలలకు అదే సర్దుకుంది. ఇది వేరు, బట్టతల వేరు. చిక్కేమిటంటే, రెండూ ఒకే మనిషికి ఒకేసారి రావచ్చు. ఇలా ఒక్కసారిగా రాలినది ఎలాగూ తిరిగి వస్తుంది, ఆ సమయానికి చేతిలో ఏ డబ్బా ఉంటే పేరు దానికి దక్కుతుంది. ఈ గమ్మీలకు వచ్చే పొగడ్తల్లో చాలావరకు ఇలా పుట్టినవేనని నా అనుమానం.

సిగరెట్ల మాటకొస్తే, పొగతాగే వారిలో బట్టతల ఎక్కువగా కనిపిస్తుందని 2007లో తైవాన్‌లో చేసిన ఒక సర్వే చెప్పింది. సంబంధం కనిపించిందంటే అదే కారణమని అర్థం కాదు. అయినా మానేయడానికి జుట్టు కన్నా పెద్ద కారణాలు చాలా ఉన్నాయి.

ఇక బయోటిన్ అనే విటమిన్. నా కోపమంతా ఇక్కడే. లేబుల్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో 5,000 మైక్రోగ్రాములు అని ఉంది. పెద్దవాళ్లకు రోజుకు సరిపోయేది 30. అంటే 160 రెట్లకు పైనే! బయోటిన్ లోపం నిజంగా ఉన్నవాళ్లు చాలా అరుదు. లోపం లేనివాళ్లకు జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పోనీ హాని లేదు కదా అంటారా? ఇంత మోతాదు రక్తపరీక్షలను తారుమారు చేయగలదు. థైరాయిడ్ పరీక్షలు తప్పు చూపవచ్చు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ ఉన్నదాని కన్నా తక్కువగా కనిపించవచ్చు. అమెరికాలో మందులను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరించింది. ఈ పుస్తకంలో యోగాసనాల బొమ్మలకు నాలుగు పేజీలు దొరికాయి, ఈ ఒక్క వాక్యానికి చోటు దొరకలేదు. ఇలాంటివి వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఇదివరకు కెఫీన్ షాంపూ వాడాను, వాసన తప్ప ఏమీ గుర్తులేదు. ఇప్పుడు తలకు రాసుకునే మినాక్సిడిల్ అనే మందు వాడుతున్నాను. జిడ్డుగా ఉంటుంది, దిండు గలీబుకు అంటుకుంటుంది, ఆపేస్తే వచ్చిన లాభం పోతుంది. మొదట్లో రాలడం పెరిగి భయపెడుతుంది కూడా. అన్ని తిట్లు తిట్టుకుంటూనే రాస్తున్నాను, ఎందుకంటే దానికి పరీక్షల్లో తేలిన ఫలితం ఉంది. ఫినాస్టెరైడ్‌కు కూడా ఉంది. అది డీహెచ్‌టీ తయారీనే తగ్గిస్తుంది కానీ, దుష్ప్రభావాల గురించి చర్మవైద్యులతో మాట్లాడకుండా మొదలుపెట్టే మందు కాదు.

ఈ గమ్మీలకు నేనిచ్చేది ఐదుకు ఒకటి, అదీ రుచికే. పుస్తకానికి సున్నా. డిస్కౌంట్ కోడ్ కోసం కింద వెతక్కండి, పెట్టలేదు. వచ్చే వీడియోలో మినాక్సిడిల్ ద్రవం మేలా, నురగ మేలా అన్నది చూద్దాం. దిండు గలీబు మరకలతో సహా చూపిస్తాను.