బడి మాన్పించే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

సభకు వచ్చిన అమ్మలకు, నాన్నలకు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వింటున్న తాతయ్యలకు, అమ్మమ్మలకు నమస్కారం.

బడి మంచిదా, ఇంటి చదువు మంచిదా అనే వాదన ఈరోజు పెట్టుకోవడం లేదు. పిల్లల్ని ఇంట్లోనే చదివించాలని మీలో చాలామంది ఇప్పటికే సగం నిర్ణయానికి వచ్చి ఉంటారు. ఆ మిగతా సగం తేల్చుకునే ముందు బడి ఏమేం పనులు చేస్తోందో చూడాలి. బడి పాఠం చెబుతుంది. చదువుకు, వయసుకు కాగితం ఇస్తుంది. పరీక్షకు కూర్చోబెడుతుంది. తోటి పిల్లల మధ్య ఉంచుతుంది. అమ్మానాన్నలు కాని ఇంకో పెద్దమనిషి బిడ్డను రోజూ గమనించేలా చేస్తుంది. మీరు ఉద్యోగం చేసుకోవడానికి ఏడెనిమిది గంటలు వదిలిపెడుతుంది. బడి మాన్పించిన రోజు నుంచి ఇవన్నీ ఇంటి మీదే పడతాయి. పాఠాల గురించి అందరూ ముందే ఆలోచించుకుంటారు. దెబ్బ తినేది మిగతావాటి దగ్గరే.

మొదట చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. బిడ్డను దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని దాని పదో సెక్షన్ అంటుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఇంత జరిమానా, ఇంత శిక్ష అని మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. ఇంట్లో చదివించుకోవాలనుకునే వాళ్లకు ఈ చట్టం అడ్డు రాదని 2012లో ఢిల్లీ హైకోర్టుకు కేంద్రం చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, తీవ్ర వైకల్యం లేదా బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకోవడాన్ని ఎంచుకోవచ్చని చట్టంలోనే రాశారు. మిగతా పిల్లల విషయంలో మాత్రం నిషేధమూ లేదు, గుర్తింపూ లేదు. ఇంటి చదువును నమోదు చేసే ఆఫీసు గానీ, దానికి సర్టిఫికెట్ ఇచ్చే అధికారి గానీ లేరు.

దీని ఫలితం ఎలా ఉంటుందంటే, బడి బయట ఉన్న పిల్లల సర్వేకు విద్యాశాఖ తరఫున క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్పీ) మీ ఇంటికి వస్తే మీ బిడ్డ పేరు ఆ జాబితాలోకి వెళ్తుంది. గొడవ పడాల్సిన పనేం లేదు, వాళ్ల ఉద్యోగం వాళ్లు చేస్తున్నారు. బిడ్డ ఏం చదువుతోందో చూపించే ఫైలు ఒకటి చేతికి ఇస్తే మాట సగం తేలికవుతుంది. నెలకు మూడు కాగితాలు చాలు: లెక్కల పేజీ ఒకటి, సొంతంగా రాసిన తెలుగు పేజీ ఒకటి, ఇంగ్లీషు పేజీ ఒకటి. ప్రతిదాని మీదా తేదీ వేయండి. తప్పులు దిద్ది, మళ్లీ శుభ్రంగా రాయించి దాచకండి. మొదట రాసిందే ఉంచండి. ఏడాది తర్వాత ఎదుగుదల కనిపించేది అందులోనే.

ఇక డబ్బు, సమయం. ఇంటి చదువు చవక అనుకుంటారు. పుస్తకాల ఖర్చు నిజంగానే తక్కువ. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితం. ఖరీదైనది పెద్దవాళ్ల సమయం. ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు పక్కన కూర్చుని చెప్పే చదువు రోజుకు గంటన్నర, రెండు గంటలు సరిపోతుంది. తొమ్మిది, పదకొండేళ్ల మధ్య మూడు గంటలు. ఆ తర్వాత నాలుగైదు గంటలు, అందులో సగం బిడ్డ ఒంటరిగా చేసుకునే పని. గంటన్నరేగా అని సంబరపడకండి. మిగతా రోజంతా కూడా బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. ఇంటి నుంచి ఆఫీసు పని చేస్తూ, మీటింగుల మధ్య పాఠం చెబుతాననుకున్న తల్లి ఆరు నెలల్లో అలసిపోతుంది. ఈ భారం దాదాపు ఎప్పుడూ తల్లి మీదే పడటం మన ఇళ్లలో పెద్ద అన్యాయం. ఏ రోజు, ఏ గంటలో, ఎవరు కూర్చుంటారో భార్యాభర్తలిద్దరూ కాగితం మీద రాసుకోవాలి. నాన్న పేరు ఆ కాగితంలో ఆదివారానికే ఉంటే ఇంకా మొదలుపెట్టవద్దనే నా సలహా. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే 'తల్లికి వందనం' డబ్బు, బడిలో పేరు, హాజరు లేని బిడ్డకు రాదు.

పాఠం చెప్పడం దగ్గరకు వద్దాం. చాలామంది ఇంటినే బడిగా మారుస్తారు. బల్ల, బోర్డు, తొమ్మిదింటికి గంట, పీరియడ్లు. నలభై మందిని ఒక్కరు అదుపు చేయడానికి పుట్టిన పద్ధతులవి. ఒక్క బిడ్డ ముందు కూర్చున్నప్పుడు మీకు దొరికే గొప్ప అవకాశం వేరే ఉంది. బిడ్డ చేసిన తప్పు ఎలా పుట్టిందో అక్కడికక్కడే చూడగలరు.

ఒక లెక్క తీసుకుందాం. 52లోంచి 27 తీసేయమంటే ఏడేళ్ల పిల్ల 35 అని రాసింది. అజాగ్రత్త అని కోప్పడకండి. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసి 5 రాసింది, 5లోంచి 2 తీసి 3 రాసింది. తన లెక్కలో తప్పు లేదు. 52 అంటే అయిదు పదులు, రెండు ఒకట్లు అని ఇంకా మనసుకు ఎక్కలేదంతే. పక్కనే ఉన్న రెండు అంకెలుగా చూస్తోంది. పదిసార్లు అదే లెక్క చేయిస్తే పై అంకె కొట్టేసి పక్కన ఒకటి వేయడం కంఠతా వస్తుంది, అర్థం రాదు.

చీపురు పుల్లలను బెత్తెడు ముక్కలుగా విరవండి, ఓ నూట పాతిక ఉండాలి. పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించండి. కట్టలు బిడ్డే కట్టాలి, మీరు కట్టి ఇస్తే ఉపయోగం పోతుంది. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి, 27 పుల్లలు నాకివ్వు అనండి. రెండు కట్టలు ఇచ్చేస్తుంది. ఏడు పుల్లల దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ మీరు నోరు మెదపకూడదు. అరనిమిషం పట్టనీయండి, రెండు నిమిషాలు పట్టనీయండి. కట్ట విప్పవచ్చన్న ఆలోచన తనకే రావాలి. విప్పాక పన్నెండు పుల్లల్లోంచి ఏడు ఇస్తుంది. తన దగ్గర రెండు కట్టలు, అయిదు పుల్లలు మిగులుతాయి.

రోజుకు నాలుగు లెక్కలు చాలు. రెండు వారాలు పుల్లలతోనే చేయించండి. మూడో వారం పుల్లలతో చేస్తూ ప్రతి అడుగునూ పక్కన పుస్తకంలో రాయించండి. తర్వాత పుల్లలు తీసేయండి. నిజంగా వచ్చిందో లేదో తెలియాలంటే 102లోంచి 56 తీయమనండి. నడుమ సున్నా ఉంది కాబట్టి పదుల కట్ట అప్పు తెచ్చుకుందామంటే దొరకదు. పది కట్టలు కలిపి కట్టిన నూరు కట్టను ముందు విప్పాలి, అందులోంచి వచ్చిన ఒక పది కట్టను మళ్లీ విప్పాలి. ఇది చేతులతో చేసిన బిడ్డ పెద్ద సంఖ్యల్లో సున్నా వచ్చినా తడబడదు.

తెలుగు విషయంలో జరిగే పొరపాటు వేరు. ఇంట్లో మాట్లాడుతున్నాం కదా, అదే వస్తుందిలే అని వదిలేస్తారు. పన్నెండేళ్లకు బిడ్డ తెలుగు చదవగలుగుతుంది గానీ అర పేజీ రాయలేదు. వారానికి రెండు రోజులు అయిదేసి వాక్యాలు చెప్పి రాయించండి. తప్పులను రకాలుగా విడదీయండి: దీర్ఘం పోయినవి, ఒత్తు పోయినవి, 'బాధ'కు 'బాద' లాంటి మహాప్రాణాల తప్పులు, 'గృహం'కు 'గ్రుహం' లాంటి వట్రసుడి తప్పులు. ఏ రకం ఎక్కువగా వచ్చిందో చూసి, వచ్చే వారం చెప్పే వాక్యాల్లో అలాంటి మాటలే ఎక్కువ పెట్టండి. చదవడానికి 'మంచి పుస్తకం' అనే సంస్థ ప్రచురించే చిన్న పుస్తకాలు, స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే తెలుగు కథలు ఏళ్ల తరబడి సరిపోతాయి. చదివే వేగం చూడాలంటే 2021లో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ కొలత ఒకటి ఉంది. మూడో తరగతి బిడ్డ అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలంటుంది. అయితే తెలుగు మాటలు పొడుగ్గా ఉంటాయి, విభక్తులు అంటుకునే ఉంటాయి. ఇంగ్లీషుకూ తెలుగుకూ అదే సంఖ్య పెట్టి బిడ్డను కంగారు పెట్టకండి.

ఇప్పుడు కాగితాలు. పుట్టిన సర్టిఫికెట్ తీసి చూడండి. చాలా ఇళ్లలో అందులో బిడ్డ పేరే ఉండదు, 'బేబీ ఆఫ్' అని తల్లి పేరు ఉంటుంది. పేరు చేర్చుకోవడానికి పుట్టుక నమోదైన నాటి నుంచి 15 ఏళ్ల దాకా అవకాశం ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పుట్టిన సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా ఉంటే ఇప్పుడే రెండూ ఒకేలా ఉండేలా చేయించండి. బడికి వెళ్లే పిల్లలకు ఈ తేడాలు అడ్మిషన్ రిజిస్టర్ దగ్గరే బయటపడతాయి. ఇంటి పిల్లలకు పదో తరగతి ఫారం నింపే రోజున బయటపడతాయి. అప్పటికి గడువు వారమే ఉంటుంది. ఇప్పటికే బడిలో ఉన్న బిడ్డను మాన్పిస్తుంటే టీసీ, చదివిన ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోండి.

పదో తరగతికి మూడు దారులున్నాయి: కేంద్రం నడిపే ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ), ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. కేంబ్రిడ్జి పరీక్షలు కూడా ప్రైవేటుగా రాయవచ్చు గానీ ఫీజు బరువు ఎక్కువ. ఎన్‌ఐఓఎస్‌లో పదికి కనీస వయసు 14, ఇంటర్ స్థాయికి 15. కనీసం అయిదు సబ్జెక్టులు, అదనంగా రెండు దాకా తీసుకోవచ్చు. ఒకసారి చేరితే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు. పరీక్షలు ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరుల్లో జరుగుతాయి. ఒక్కో సబ్జెక్టుగానైనా పాస్ కావచ్చు. పాస్ మార్కు 33 శాతం.

తప్పులు జరిగేచోట్లు నాలుగు. జనవరిలో చేరి ఏప్రిల్‌లో పరీక్ష రాద్దామనుకోవడం మొదటిది. మామూలు దారిలో వేసవిలో చేరినవాళ్లు మరుసటి ఏప్రిల్‌కు, చలికాలంలో చేరినవాళ్లు ఆ అక్టోబరుకు వస్తారు. రెండోది, టీఎంఏలు అనే ఇంటి అసైన్‌మెంట్లు. వాటికి 20 శాతం మార్కులుంటాయి, గడువు దాటితే ఆ మార్కులు పోయినట్టే. మూడోది, ప్రాక్టికల్స్. ఇంట్లో చదివినా స్టడీ సెంటర్‌కు వెళ్లి చేయాలి. దూరంలో ఉన్న సెంటర్ ఎంచుకుని తర్వాత బాధపడేవాళ్లున్నారు. అన్నింటికంటే చేటు చేసేది నాలుగోది, తేలికని సబ్జెక్టులు ఎంచుకోవడం. లెక్కలు, సైన్సు వదిలేసి పది పాసైన బిడ్డ పదహారేళ్లకు ఇంజినీరింగ్ అంటే వెనక్కి నడవాలి. ఇంకొక సంగతి, పదికీ ఇంటర్‌కూ నడుమ రెండేళ్ల ఎడం ఉండాలి. పన్నెండో తరగతి త్వరగా ముగించేద్దామన్న లెక్క ఇక్కడ చెల్లదు.

సర్టిఫికెట్ అక్కర్లేదనే వాళ్లు ముంబై అమ్మాయి మాళవిక జోషి పేరు చెబుతారు. బడి మానేసి ఇంట్లో చదువుకున్న ఆమె ఇన్‌ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ పతకాలతో 2016లో ఎంఐటీలో సీటు తెచ్చుకుంది. నిజమే. పన్నెండో తరగతి లేకపోవడంతో ఐఐటీ దారి మాత్రం ఆమెకు మూసుకుపోయింది, అదీ నిజమే. అంతర్జాతీయ పతకాలున్న బిడ్డకే అలా అయితే మన పిల్లలకు ఆ కాగితం అక్కర్లేదనడం నాకు సాహసంగా తోస్తుంది.

తెలుగు రాష్ట్రాల వాళ్లకే ప్రత్యేకమైన చిక్కు స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ప్రవేశాల్లో స్థానిక అభ్యర్థి కావాలంటే అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. ఏ విద్యాసంస్థలోనూ చదవని బిడ్డకు అదే ఉత్తర్వులో ఇంకో దారి ఉంది, అది నాలుగేళ్ల నివాసం. దానికి తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి. కరెంటు బిల్లులు, అద్దె ఒప్పందాలు, రేషన్ కార్డు కాపీలు ఏటా ఫైలులో వేస్తూ పోండి. ఈ నిబంధనలు మారుతూనే ఉన్నాయి. వైద్య ప్రవేశాల కోసం తెలంగాణ 2024లో తెచ్చిన జీవో 33 మీద వివాదం సుప్రీంకోర్టు దాకా నడిచింది. కాబట్టి బిడ్డ తొమ్మిదో తరగతి వయసుకు రాగానే, తనకు కావాల్సిన కోర్సుకు ఆ ఏటి ప్రవేశ నిబంధనల పుస్తకం తెచ్చుకుని స్థానికత పేజీ చదవండి. ఇంటర్‌కు వచ్చాక చదివితే దిద్దుకునే సమయం ఉండదు.

హోమ్‌స్కూల్ సెంటర్ అని బోర్డు పెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిల్లల్ని ఉంచుకునే చోట్ల గురించి ఒక హెచ్చరిక. గుర్తింపు లేకుండా బడి నడిపితే విద్యాహక్కు చట్టం కింద లక్ష రూపాయల దాకా, ఆపైన కొనసాగిస్తే రోజుకు 10,000 దాకా జరిమానా ఉంది. అలాంటిది మూతపడితే మీకు టీసీ ఇచ్చేవాళ్లు ఉండరు. వారానికి రెండు పూటలు కలిసి చదువుకునే నాలుగైదు కుటుంబాల గుంపు వేరు, అది మంచిది. పిల్లలకు తోడు దొరకాలంటే తారీఖు, గంట ఖాయంగా ఉన్నవే పనికొస్తాయి: రోజూ సాయంత్రం మైదానం, వారంలో ఒకే రోజు గ్రంథాలయం, ఇంకొకరి దగ్గర సంగీతమో చదరంగమో. వీలు చూసుకుని కలుద్దాం అనుకున్న స్నేహాలు పిల్లల మధ్య నిలవవు. సంగీతమో చదరంగమో నేర్పే గురువు ఒకరుంటే, మీ కంటికి ఆనని మార్పు బిడ్డలో వస్తే చెప్పే మనిషి కూడా దొరికినట్టే.

బిడ్డ చదవలేకపోతోందని, బడిలో తిడుతున్నారని మాన్పించేవాళ్లు ముందు కళ్లు, చెవులు, ఆ తర్వాత చదవడంలో ఇబ్బందుల పరీక్ష చేయించండి. బడి మాన్పించినంత మాత్రాన ఆ ఇబ్బంది పోదు. ఆ ఇబ్బందికి ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం కూడా వస్తుంది.

చివరిగా, తిరిగి బడికి వెళ్లే దారి. 14 ఏళ్ల లోపు బిడ్డను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చట్టంలోని నాలుగో సెక్షన్ చెబుతుంది. తొమ్మిదో తరగతి నుంచి తలుపు ఇరుకవుతుంది. సీబీఎస్ఈలో ఇంటి చదువు నుంచి పదో తరగతికి నేరుగా చేర్చుకోరు, తొమ్మిది గుర్తింపు ఉన్న బడిలో చదివి ఉండాలి. అందుకని పన్నెండేళ్లు నిండిన ఏడాది బిడ్డను కూర్చోబెట్టి ఏం కావాలో అడగండి. బడికి వెళ్తానంటే ఎనిమిదో తరగతిలోనే చేర్పించండి. ఇంట్లోనే ఉంటానంటే ఏ బోర్డు, ఏ అయిదు సబ్జెక్టులు, ఏ నెల పరీక్ష అన్నది ఆ వారంలోనే రాసి పెట్టుకోండి.

మీ ప్రశ్నలు అడగండి. పుట్టిన సర్టిఫికెట్లు వెంట తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, కలిసి చూద్దాం.